గచ్చు అంచు

మే 15, గురువారం

నిన్న ఏలూరులో గొంతుకి ఆపరేషన్ అయింది. లోపల పెసరగింజంత కాయ ఉందట, తీసేశారు. ముక్కని పరీక్షకి పంపారు. వచ్చే నెల మొదటి వారం దాకా ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుస కూడా పనికిరాదట, అది అరుపుకన్నా చెడ్డదట.

"నెహెమ్యా గారూ, ప్రసంగాలు చేస్తారని విన్నానండి. ఇన్నేళ్ళూ మైకులో అరిచినదానికి వచ్చిన బహుమతి అనుకోండి ఇది" అన్నారు డాక్టరు గాయత్రి గారు, నవ్వుతూ. నా దగ్గర సమాధానం ఉంది. వాక్యంతో సహా ఉంది. నోరు తెరవబోతే మా ఆవిడ నాగరత్నం నా చెయ్యి గిల్లింది. గిల్లిన చోట ఇంకా ఎర్రగానే ఉంది.

బస్టాండు దగ్గర నాగరత్నం ఒక పలకా బలపాల పెట్టే కొంది. దేవాలయంలో మాట పడిపోయిన జెకర్యా కూడా పలకే అడిగాడు. ఆయన దూత చెప్పింది నమ్మలేదు కాబట్టి మూగవాడయ్యాడు. నేను దేన్ని నమ్మలేదని? దీని మీద ఆలోచించాలి.

పలక మీద రాసింది తుడిచెయ్యాలి. అందుకని ఈ పుస్తకం. నేను రాసే మనిషిని కాదు, చెప్పే మనిషిని. చెప్పడానికి లేదు కాబట్టి రాస్తున్నాను.

మే 16

మాట్లాడలేదు.

మే 18, ఆదివారం

మందిరంలో వెనక వరసలో కూర్చున్నాను. వెనక వరస నుంచి ఫ్యాను చప్పుడు ఇంతగా వినపడుతుందని నాకు తెలియదు.

తాడేపల్లిగూడెం నుంచి హర్షవర్ధన్ వచ్చి వాక్యం చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. టాబ్ చూసి చదువుతాడు. గొంతు ఎత్తడు, చెయ్యి ఎత్తడు. ఇరవై నిమిషాల్లో ముగించేశాడు. ఇరవై నిమిషాల్లో నేనయితే ఏదెను తోట గేటు కూడా దాటను. ఎవరూ నిద్రపోలేదు. అది రాసుకోవాల్సినంత సంగతి కాదు.

బయట చెప్పులేసుకుంటుంటే వచ్చి నాగరత్నంతో అన్నాడు: "అమ్మగారూ, వ్యాను షెడ్డు ప్రతిష్ఠ జూన్ ఏడున అన్నారు కదండీ. ఒకవేళ అప్పటికి అయ్యగారికి గొంతు రాకపోతే నేను వచ్చి చేస్తానండి."

"రాకపోవడమేంటి బాబూ, వస్తుంది" అంది.

నేను పలక మీద "వస్తుంది" అని రాసి చూపించాను. పెద్ద అక్షరాలతో.

మే 20, మంగళవారం

నోటికి పని లేనివాడి కళ్ళు ఊరికే ఉండవు. ఇవాళంతా షెడ్డు గచ్చు అంచు చూస్తూ కూర్చున్నాను.

ఇంటి వెనక, చేపల చెరువు గట్టువైపు, ఇనప గొట్టాలు పాతి పైన రేకులు వేయించాం. గోడలు లేవు. మా సువార్త వ్యాను వేపచెట్టు కింద ఎండకీ వానకీ తుప్పు పట్టిపోతోందని దాని కోసం. కింద నాలుగంగుళాల కాంక్రీటు. నడుమంతా అద్దంలా ఉంది. అంచు ఒక్కటే బాగాలేదు. నాలుగు వైపులా కంకర తేలిపోయింది. చెరువువైపు మరీ అన్యాయం, తేనెపట్టులా బొక్కలు. వేలుపెట్టి కదిపితే రాయి ఊడి చేతికొస్తోంది.

రేకుల మీంచి జారే నీళ్ళు సరిగ్గా ఆ అంచు మీదే పడతాయి. మా కొల్లేటి నల్లమట్టి నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నోళ్ళు తెరుస్తుంది. నీళ్ళు బొక్కల్లోంచి కిందికి దిగాయంటే అడుగున మట్టి జారిపోతుంది. ఆ తర్వాత వ్యాను ఎక్కించగానే గచ్చు అప్పడంలా విరుగుతుంది. వానలు ముదిరేలోపు అంచు కట్టాలి.

కారణాలు: సిమెంటు పాతది. పోత పోసిన రోజు ఎండ ఎక్కువ. క్రీస్తుదాసు పని సగంలో వదిలి పోయాడు.

క్రీస్తుదాసు నాగరత్నం తమ్ముడు. తాపీమేస్త్రి. మా వ్యానుకి డ్రైవరూ వాడే, మా పాటలకి డోలకూ వాడే. ఈ నెల మూడున పోత పోసి వెళ్ళినవాడు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. నా గొంతు పూర్తిగా పోయింది కూడా ఆ రోజు సాయంత్రమే. ఈ రెండిటికీ సంబంధం లేదు.

మే 21

కారణాలు మళ్ళీ చదువుకున్నాను. సరిగ్గానే ఉన్నాయి.

మే 23, శుక్రవారం

అంచు నేనే కడతాను. నాకు ఎవరి పేరు పెట్టారో ఆ నెహెమ్యా మేస్త్రి కాడు, రాజుగారికి గిన్నె అందించేవాడు. అయినా యెరూషలేము గోడలు కట్టించాడు. నాది గోడ కూడా కాదు, బెత్తెడు ఎత్తు అంచు.

"ఏవండీ, తమ్ముణ్ణి పిలుస్తానండి. మీకెందుకీ తిప్పలు" అంది నాగరత్నం.

పలక మీద రాశాను: "వద్దు."

వ్యానులో పాత తాపీ ఒకటి దొరికింది. ఇసుకా సిమెంటూ కలిపి చెరువువైపు పొడుగునా పూశాను. నడుం పట్టేసింది. సాయంత్రం చెరువు గట్టు మీద నిలబడి చూశాను. ఆ దూరం నుంచి చూస్తే చాలా బాగుంది.

మే 24, శనివారం

ఊడిపోయింది. పెచ్చులు పెచ్చులుగా.

నాగరత్నం ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కొంగు దోపుకుని గచ్చు మీద కూర్చుంది. ఆవిడ కూర్చుంటే మాట ఉందన్నమాట. అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, కింద ఖండించడం కోసం.

"అంచు చెడింది సిమెంటు వల్ల కాదండి. మీ ప్రార్థన వల్ల."

నేను పలక అందుకున్నాను.

"రాద్దురుగాని ఉండండి. ముందు వినండి, ఇప్పుడు మీరు వినడం తప్ప ఏం చెయ్యలేరు కదా. వాడు పొద్దున్నే మీకు చెప్పాడా లేదా? బావగారూ, ప్రార్థన ముందే చేసేయండి, కాంక్రీటు పడ్డాక అది మన కోసం ఆగదండి అన్నాడు. మీరేమన్నారు? నేల లేకుండా నేల కోసం ప్రార్థనేంటిరా అన్నారు. సరే, పోశారు. నడుమంతా నున్నగా తీసేశాడు. చుట్టూ అంచు తీయడం ఒక్కటే మిగిలింది. అప్పుడు మైకు పట్టుకున్నారు మీరు. ఆదాము అయ్యాడు, నోవహు ఓడ అయింది, ఎర్రసముద్రం అయింది. సొలొమోను మందిరానికి పునాది వేసేసరికి నాకు కాళ్ళు లాగి కూర్చుండిపోయాను. మన వాళ్ళందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు, ఒక్కడూ కదలడు. వాడు తాపీ పట్టుకుని ఎండలో అలాగే నిలబడ్డాడు. అంచు బిగిసిపోతోంది, చూస్తూ ఉన్నాడు. చూస్తున్నాడని, ప్రార్థనలో కళ్ళు తెరిచాడని, మైకులోనే కడిగేశారు కదండీ వాణ్ణి. సంఘమంతా వింది. చెరువు అవతల వలలు లాగేవాళ్ళు కూడా విన్నారు."

"పరిశుద్ధ సమయంలో కళ్ళు తెరిచాడు" అని రాశాను.

"కళ్ళు మూసుకుని అంచు తీస్తారాండీ ఎవరైనా?"

పలక చాల్లేదు. గంటసేపు ప్రసంగానికి సరిపడా లోపల లేచింది. లేచి, దారి లేక, అక్కడే కూర్చుంది.

ఖండన రేపు రాస్తాను.

మే 25, ఆదివారం

ఆదివారం. రాయలేదు.

మే 27, మంగళవారం

ఇవాళ ఏ పనీ చెయ్యలేదు. వ్యాను తలుపు తీసి లోపల కూర్చున్నాను. డోలకు తోలు వాసన, డీజిల్ వాసన, నాగరత్నం కొబ్బరినూనె వాసన. పైన హారన్లు రెండూ తాడేపల్లిగూడెంలో ఏరి ఏరి కొన్నవి. దాసు వాటి మూతుల్లో చెవి పెట్టి వినేవాడు, పెళ్ళిచూపుల్లో పాట విన్నట్టు.

వ్యాను రాకముందు లంకలకి దోనెలో వెళ్ళేవాళ్ళం. అప్పుడు కొల్లేరులో నీళ్ళు నిండుగా ఉండేవి, ఇన్ని గట్లు లేవు. దోనె మొదట్లో నేను, నడుమ హార్మోనీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని నాగరత్నం, చివర గెడ వేస్తూ దాసు. వాడికప్పుడు కొత్తగా పెళ్ళయింది. పెళ్ళికి కుట్టించిన తెల్లచొక్కా వేసుకుని వచ్చి బురద చేసుకునేవాడు. మైకు లేదు. రేకుబాకా నోటికి పెట్టుకుని పిలిస్తే ఈ లంకలో మాట ఆ లంకలో వినపడేది. నీళ్ళ మీద గొంతు జారుతూ పోతుంది, ఎంత దూరమయినా. పొద్దువాలే వేళ ఆడవాళ్ళు వలలు ఆరబెడుతూ, చేతిలో వల చేతిలోనే ఉంచుకుని వినేవాళ్ళు. నాగరత్నం పాట ఎత్తుకుంటే పిల్లలు ఒడ్డు దాకా పరిగెత్తుకొచ్చేవాళ్ళు. కూడిక అయ్యాక ఎవరో ఒకరు ఇంత అన్నం, కొర్రమీను పులుసు పెట్టేవారు. ఆ పులుసు రుచి మళ్ళీ ఎక్కడా తగల్లేదు. నేనే పెద్ద గొంతుగాణ్ణి అనుకునేవాణ్ణి. గాలి ఎటు వీస్తే అటు తిప్పి దోనె నిలిపేది దాసు.

ఒకసారి తెల్లారుతుండగా తిరిగొస్తుంటే గుర్రపుడెక్కలో ఇరుక్కుపోయాం. ఎటు చూసినా పచ్చటి ఆకు, నీళ్ళే కనపడవు. నేను లేచి నిలబడి చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టాను. దోనె ఊగిపోయింది. హార్మోనీ పట్టుకుని నాగరత్నం కేకేసింది.

"మీరు కూర్చుని ప్రార్థన చెయ్యండి బావగారూ. గెడ నేను వేస్తాను" అన్నాడు దాసు.

కూర్చుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బయట పడ్డాం. ఎదురుగా గూడబాతులు నీళ్ళ మీంచి లేస్తున్నాయి. బరువైన పక్షులు, లేచేటప్పుడు నీళ్ళని కాళ్ళతో తన్నుకుంటూ పరిగెడతాయి. లేచాక ఇంక రెక్క ఆడించవు.

ప్రభువు మా దోనెని విడిపించాడని ఆ తర్వాత ఎన్నో కూడికల్లో సాక్ష్యం చెప్పాను. జనం ఏడ్చేవాళ్ళు. గెడ సంగతి చెప్పినట్టు గుర్తులేదు.

మే 29, గురువారం

రాత్రి వాన పడింది. పొద్దున లేచేసరికి చెరువువైపు అంచు కింద చెయ్యి పట్టేంత సందు. మట్టి కూరి, పైన మళ్ళీ సిమెంటు పూశాను.

పది గంటలకి డాక్టరు గారు ఫోన్ చేశారు. నాగరత్నం విని, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఏడ్చింది. పరీక్షకి పంపిన ముక్కలో భయపడాల్సిందేమీ లేదట. రెండు చేతులూ ఎత్తి స్తుతించాను, శబ్దం లేకుండా. శబ్దం లేని స్తుతి పైకి వెళ్తుందా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. తన పెదవులు కదులుతున్నా స్వరం వినపడని హన్నా గుర్తొచ్చింది. ఆవిడ తాగి ఉందనుకున్నాడు యాజకుడు. ప్రభువుకి మాత్రం వినపడింది.

మధ్యాహ్నం బెండకాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, మిగతాది చెప్పింది నాగరత్నం. "గొంతు వస్తుందటండి. కాని పాత గొంతు రాదట. మెల్లగా మాట్లాడుకోవచ్చట. మైకులో అరిస్తే మాత్రం మళ్ళీ మొదటికొస్తుందట."

బెండకాయలు చాలా తరిగింది. మా ఇద్దరికీ అన్ని అక్కర్లేదు.

మా నాన్న ఏలూరులో తివాచీలు నేసేవాడు. నేను అక్షరాలు నేర్చుకుంది ఆ మగ్గం పక్కనే, బడిలో కాదు. ఒళ్ళో వాక్యం పెట్టుకుని, కూడబలుక్కుంటూ. అంచు కుట్టందే తివాచీని ఎవరికీ చూపించనిచ్చేవాడు కాదు నాన్న. పువ్వులెంత బాగా వచ్చినా సరే, "అంచు కానీ, తర్వాత చూద్దురుగాని" అనేవాడు కొనడానికొచ్చినవాళ్ళతో కూడా. ఆయన గొంతు చాలా చిన్నది. మగ్గం చప్పుడులో నేను ఆయన పెదవులు చూసి అర్థం చేసుకునేవాణ్ణి. ఇన్నాళ్ళకి గుర్తొచ్చింది.

మే 30

పాత గొంతు రాదట.

మే 31

రాదట.

జూన్ 2, సోమవారం

దాసు వచ్చాడు.

నాగరత్నం ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది. మీసానికి కొత్తగా రంగేసుకుని, స్కూటీ మీద తాపీ సంచితో దిగాడు. నా వైపు చూడలేదు. తిన్నగా షెడ్డు వెనక్కి పోయి, నేను మళ్ళీ పూసిన మట్టీ సిమెంటూ చూశాడు.

"ఎవరు చేశారక్కా ఇది?"

"మీ బావగారే."

"గోడకి పిడకలు కొట్టినట్టుందండి బావగారూ. నెహెమ్యా అని పేరుంటే గోడలు వాటంతటవే నిలబడతాయనుకున్నారేంటండీ?" అని అప్పుడు నా వైపు తిరిగాడు. "నేను మీ కోసం రాలేదండి. చెరువు రైతులు ఇటుగా పోతూ చూసి, ఇది దాసు మేస్త్రి పని అంటారు. నా పేరు పోతుంది. అంచు కోసం వచ్చాను."

పలక మీద "కూర్చో" అని రాసి చూపించాను. కళ్ళు చికిలించాడు.

"కళ్ళజోడు ఇంట్లో ఉందండి. అక్కా, ఏం రాశారు?"

"కూర్చోమంటున్నారు."

"పనికొచ్చినవాడు కూర్చుంటే ఎలాగండి."

నేను పూసినదంతా సుత్తితో కొట్టి పడేశాడు. ఒక్కో దెబ్బకీ నా వైపు ఒక్కో చూపు. ఆ తర్వాత అసలు కాంక్రీటుని కూడా చెక్కడం మొదలుపెట్టాడు, ఉలి పెట్టి, వదులుగా ఉన్న రాళ్ళన్నీ రాలిపోయేదాకా. రాలేటప్పుడు చప్పుడు బోలుగా ఉంది. కాసేపటికి ఖంగుమంది. అక్కడ ఆపాడు.

"ఇక్కణ్ణుంచి కట్టాలండి. పుచ్చిన పన్ను మీద సిమెంటు పెడితే ఉంటుందా?"

జూన్ 4, బుధవారం

మూడు వైపులా అయింది. నేను నీళ్ళు పోస్తున్నాను, దాసు బ్రష్షుతో కడుగుతున్నాడు. కడిగాక సిమెంటు పాలు పూస్తాడు. అది తడారకముందే, పక్కన చెక్క నిలబెట్టి, గట్టిగా కలిపిన సిమెంటు కూరతాడు. కాస్త బిగిశాక చెక్క తీసి, మూల పదునుగా లేకుండా తాపీతో గుండ్రంగా, నీళ్ళు బయటికి జారేటట్టు తీస్తాడు. ఆ కాస్త సమయం దాటితే లాభం లేదు. ముందయితే జారిపోతుంది, తర్వాతయితే మాట వినదు. ఒక్కో గొట్టం మొదలు చుట్టూ చిన్న దిబ్బలా చేశాడు, నీళ్ళు నిలబడి తుప్పు పట్టకుండా.

తీసేటప్పుడు నాలుక బయట పెడతాడు. లంకల్లో డోలకు వాయించేటప్పుడు కూడా అంతే. నాకిన్నాళ్ళూ అది గుర్తులేదు.

మధ్యాహ్నం వాడు చేతులు కడుక్కోకముందే పలక తీసుకెళ్ళాను. నాలుగు లైన్లు రాశాను. ఏం రాశానో ఇక్కడ రాయను.

"కనపడదన్నాను కదండీ. అక్కని పిలవనా?"

తల అడ్డంగా ఊపాను. అరచేత్తో తుడిచేశాను. వాడు ఆ తుడిచిన పలక వైపు కాసేపు చూశాడు. సిమెంటు ఆరిపోతోందని లేచాడు.

చెరువువైపు అంచు చివరికి పెట్టుకున్నాడు. అక్కడ మట్టి తడి ఇంకా తగ్గాలట.

జూన్ 5, గురువారం

ఏలూరు. గొంతులోకి కెమెరా పెట్టి చూశారు. మానిందట.

"ఆ అనండి" అన్నారు గాయత్రి గారు. అన్నాను.

అది నా గొంతు కాదు. ఎవరో ముసలాయన పక్కగదిలోంచి పిలిచినట్టుంది. "బాగుందండి, చాలా బాగుంది" అన్నారావిడ. ఇక నుంచి రోజూ కాసేపు మెల్లగా మాట్లాడొచ్చు. ఎత్తకూడదు.

బస్సులో నాగరత్నం పక్కన కూర్చుని, "ఏదీ, నన్నొకసారి పిలవండి" అంది. పిలవలేదు. మొదటి మాట దాచుకున్నాను, ఎందుకో. ఆవిడకి కోపమొచ్చి దెందులూరు దాకా కిటికీలోంచి చూసింది.

ప్రతిష్ఠకి హర్షవర్ధన్ వచ్చి వాక్యం చెప్తాడు. నేనే ఒప్పుకున్నాను. ప్రార్థన మాత్రం నాది. అది వదులుకోను.

జూన్ 7, శనివారం

పొద్దున్నుంచీ జల్లు. దాసు పట్టా కప్పుకుని షెడ్డు కింద కూర్చుని ఆకాశాన్ని తిట్టాడు. పన్నెండింటికి తెరిపిచ్చింది. చెరువువైపు అంచు మొదలుపెట్టాడు. చెక్క నిలబెట్టి సిమెంటు కూరడం అయ్యేసరికి నాలుగయింది. జనం వచ్చేశారు. కుర్చీలు చాలక కొందరు చెరువు గట్టు మీద నిలబడ్డారు. వ్యాను వేపచెట్టు కింద కడిగి ఉంది, హారన్లకి బంతిపూలు.

హర్షవర్ధన్ ఇరవై నిమిషాలు చెప్పాడు. ఇల్లు కట్టేవాళ్ళ గురించి. బాగా చెప్పాడు. రాయాల్సిన సంగతే, రాస్తున్నాను.

"ఇప్పుడు అయ్యగారు ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారండి" అని మైకు నా చేతికిచ్చాడు.

అందరూ తల వంచి కళ్ళు మూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు కప్పుకున్నారు. నేను షెడ్డు నడుమ నిలబడ్డాను. దాసు చెరువువైపు మోకాళ్ళ మీద ఉన్నాడు. చెక్క అప్పుడే తీశాడు. అంచు తడిగా, నల్లగా, ఎదురుచూస్తూ ఉంది. తాపీ ఎత్తినవాడు, నా చేతిలో మైకు చూసి, ఆపేశాడు. తాపీని ఒళ్ళో పెట్టుకున్నాడు. తల వంచాడు. కళ్ళు కూడా మూసుకున్నాడు.

నా దగ్గర ప్రార్థన సిద్ధంగా ఉంది. ఆదాము దగ్గర్నుంచి. ఈ వారాలన్నీ లోపల కట్టుకున్నది. మైకు నాగరత్నం చేతికిచ్చేశాను.

"దాసూ" అన్నాను.

అది నా గొంతు కాదు, అయినా వాడికి అందింది. కళ్ళు తెరిచాడు.

"ముందు నువ్వు కానీరా. మేం ఆగుతాం."

వాడు నా మొహంలోకి చూశాడు. కళ్ళజోడు లేకపోయినా చూశాడు. తర్వాత తాపీ అందుకున్నాడు.

ఎవరూ కళ్ళు తెరవలేదు. అది కూడా ప్రార్థనలో భాగమనుకున్నారో ఏమో. చెరువు మీంచి గాలి వస్తోంది. తాపీ అంచు మీద జారుతున్న చప్పుడు ఒక్కటే వినపడుతోంది, ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, మళ్ళీ వెనక్కి. అంత మెల్లటి చప్పుడు అంతమంది నడుమ నేనెప్పుడూ వినలేదు. నేను కళ్ళు మూసుకోలేదు. అంచు గుండ్రబడుతూ పోవడం, వాడి నాలుక బయటికి రావడం, చివరి గొట్టం దగ్గర మణికట్టు తిప్పి చిన్న దిబ్బ కట్టడం, అన్నీ చూశాను.

వాడు తడిచేత్తో ఒక్కసారి నిమిరి, వెనక్కి జరిగాడు.

"అయిందండి, బావగారూ."

"ఆమేన్" అన్నాను.